లాసన్స్ బేలో తుప్పు, గాజువాకలో దుమ్ము: విశాఖలో షాపు ఎలివేషన్ ఎందుకంత చిక్కు?

మా అప్పకి రెండు బట్టల షాపులు ఉన్నాయి. మొదటిది గాజువాకలో. రెండోది లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల. గాజువాక షాపు ఎలివేషన్ చూసినవాళ్లంతా బాగుందన్నారని రెండోదానికీ అచ్చం అదే పెట్టించింది. అదే మేస్త్రీ, అదే డిజైను, అవే స్టీలు హ్యాండిళ్లు, అదే అద్దం తలుపు, అవే వెలిగే అక్షరాలు. గాజువాకలో ఆ ముందుభాగం ఇప్పటికీ తుడిస్తే కొత్తదానిలా మెరుస్తుంది. లాసన్స్ బేలో మాత్రం మొదటి వానాకాలం దాటేసరికి హ్యాండిళ్ల మీద గోధుమరంగు చుక్కలు లేచాయి. రెండో ఏడాదికి తలుపును తిప్పే కింది ఫ్లోర్ స్ప్రింగ్ బిగుసుకుపోయింది. బోర్డులో మూడు అక్షరాలు ఆరిపోయాయి. అల్యూమినియం ఫ్రేము మూలల్లో తెల్లటి పొడి రాలడం మొదలైంది.

మేస్త్రీని పిలిచి అడిగితే, "అక్కడ పెట్టిన సామానే కదమ్మా ఇక్కడా పెట్టాను" అన్నాడు. నిజమే చెప్పాడు. ఎక్కడా మోసం చేయలేదు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

ఆ షాపు బాగుచేయించే పని నా మీద పడింది. దానికోసం ఫ్యాబ్రికేటర్లతో, అద్దం బిగించేవాళ్లతో, ఇద్దరు ముగ్గురు స్ట్రక్చరల్ ఇంజనీర్లతో కూర్చుని మాట్లాడాను. మన ఊళ్లో ఎలివేషన్ అంటే షట్టర్, అద్దం, తలుపు, బోర్డు, గడప, మెట్టు అన్నీ కలిపి. దానికి డిజైను ఎంచుకునేటప్పుడు అందరం ఫోన్లో ఫోటో చూస్తాం. ఆ ఫోటో ఎక్కువగా హైదరాబాద్‌దో బెంగళూరుదో అయి ఉంటుంది. ఆ షాపు ఏ గాలిలో నిలబడిందో, ఏ గోడకు బిగించారో ఫోటో చెప్పదు. విశాఖలోనైతే ఆ రెండూ వీధి వీధికీ మారిపోతాయి.

ఉప్పు ఎంత దూరం వస్తుంది

అలలు విరిగినప్పుడు సన్నటి నీటి తుంపర గాల్లోకి లేస్తుంది. నీరు ఆరిపోయినా అందులోని ఉప్పు గాలిలోనే ప్రయాణం చేసి, ఎదురైన ప్రతి వస్తువు మీదా కూర్చుంటుంది. తీరం నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలో ఇది చాలా ఎక్కువ. లోపలికి వెళ్లేకొద్దీ వేగంగా తగ్గుతుంది. అందుకే బీచ్ రోడ్, పాండురంగాపురం, లాసన్స్ బే, రుషికొండ ఒక లెక్క. సీతమ్మధార, అక్కయ్యపాలెం ఇంకో లెక్క. పెందుర్తి మరో లెక్క.

స్టీలుకు తుప్పు పట్టదని మనమంతా నమ్ముతాం. స్టెయిన్‌లెస్ స్టీలులో ఉన్న క్రోమియం గాలి తగలగానే కంటికి కనిపించని పలచని పొర కడుతుంది. లోపలి ఇనుమును కాపాడేది ఆ పొరే. ఉప్పులోని క్లోరైడు దాన్ని సూదితో పొడిచినట్టు అక్కడక్కడ చిల్లులు పొడుస్తుంది. ఆ చిల్లులే గోధుమరంగు చుక్కలు. ఈ దాడిని ఎంత తట్టుకుంటుందనేది గ్రేడును బట్టి ఉంటుంది. మార్కెట్లో చవకగా దొరికే 202 గ్రేడులో ఖరీదైన నికెల్‌ను తగ్గించి మాంగనీసు పెంచుతారు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం కలుపుతారు. క్లోరైడుకు ఎదురు నిలిచే బలం అక్కడి నుంచే వస్తుంది. ఊరి లోపల 304 చక్కగా పనిచేస్తుంది. సముద్రం కనిపించే వీధిలో మాత్రం బయట ఉండే హ్యాండిళ్లు, బ్రాకెట్లు, స్క్రూలు 316 అయి తీరాలి. మా అప్ప షాపుకు పెట్టింది 202 అని తర్వాత తెలిసింది. గాజువాకలో పెట్టిందీ అదే. అక్కడ ఉప్పు అంతగా లేదు కాబట్టి ఆ సంగతి బయటపడలేదు.

చాలామంది జేబులో అయస్కాంతం పెట్టుకుని స్టీలు కొనడానికి వెళ్తారు. అంటుకోకపోతే మంచి స్టీలని వాళ్ల నమ్మకం. నేనూ అలాగే వెళ్లాను. కానీ 202, 304, 316 మూడూ అయస్కాంతానికి దాదాపు అంటుకోనివే. అయస్కాంతంతో వాటి మధ్య తేడా పట్టుకోలేం. గ్రేడు తేల్చే పరీక్ష ద్రావణాలు దొరుకుతాయి. ఒక చుక్క వేసి రంగు మారడం చూస్తారు. అదీ కుదరకపోతే బిల్లు మీద గ్రేడు రాయించుకోవాలి. రాయడానికి ఒప్పుకోని చోట కొనకపోవడమే మంచిది.

ఇంకో సంగతి నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. వానకు తడిసే భాగాల కంటే సన్‌షేడ్ కింద వాన తగలని భాగాలకే తుప్పు ముందు పడుతుంది. వాన ఉప్పును కడిగేస్తుంది. సన్‌షేడ్ కింద అది పేరుకుంటూనే ఉంటుంది, రాత్రి తేమకు కరిగి లోహాన్ని తింటుంది. మా షాపులో బయటి రెయిలింగు బాగానే ఉండి, చూరు కింద ఉన్న హ్యాండిల్ పాడవడానికి కారణం ఇదే. వారానికోసారి మంచినీళ్లతో తుడిస్తే చాలు, చాలా వరకు ఆగుతుంది.

ఇక ఫ్రేము మూలల్లో రాలిన తెల్లపొడి సంగతి. అల్యూమినియం సెక్షన్‌ను మామూలు ఇనుప స్క్రూలతో బిగించారు. రెండు వేర్వేరు లోహాలు తగులుకుని, మధ్యలో ఉప్పు తేమ చేరితే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది. ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియమే. స్టెయిన్‌లెస్ స్క్రూ వేసి, కింద నైలాన్ వాషర్ పెడితే ఈ గొడవ చాలా వరకు తప్పుతుంది. పౌడర్ కోటింగ్ ఉంది కదా అని ధైర్యపడకూడదు. సెక్షన్‌ను కోసిన అంచు దగ్గర, డ్రిల్లింగ్ చేసిన రంధ్రం దగ్గర కోటింగ్ ఉండదు. తేమ అక్కడి నుంచే రంగు కిందకు పాకుతుంది. కోసిన ప్రతి అంచుకూ బిగించే ముందే సీలెంట్ పూయాలి. అయిదు నిమిషాల పని. బిగించాక ఇక ఎవరి వల్లా కాదు.

గాలి లెక్క

ఉప్పు నెమ్మదిగా తింటుంది. గాలి ఒక్క పూటలో తేల్చేస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచిందని వాతావరణ శాఖ అంచనా. మధ్యమధ్య వచ్చిన విసురు అంతకంటే ఎక్కువ. ఎయిర్‌పోర్టు టెర్మినల్ కప్పే చెదిరిపోయిన రోజది. షాపుల ముందు పగిలిన అద్దాలు, వంగిన షట్టర్లు, రోడ్డు మీద పడిన బోర్డులు మనలో చాలామందికి ఇంకా కళ్లముందే ఉన్నాయి.

భవనాలు ఎంత గాలిని తట్టుకోవాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో విశాఖకు ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు ఇచ్చింది 44 మీటర్లు. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. లెక్క వేస్తే హైదరాబాద్‌లో అద్దం మీద పడే ఒత్తిడి కంటే ఇక్కడ దాదాపు 30 శాతం ఎక్కువ. అక్కడి ఎలివేషన్‌ను అదే అద్దం మందంతో, అవే బోల్టులతో ఇక్కడ దింపితే మొదటి రోజే ఆ మేరకు లోటుతో నిలబడినట్టు.

ఊరి లోపల కూడా ఒకే లెక్క ఉండదు. ఎదురుగా సముద్రం తప్ప అడ్డేమీ లేని బీచ్ రోడ్డు మీద గాలి పూర్తి బలంతో వస్తుంది. ఇళ్లు దట్టంగా ఉన్న వీధుల్లో కొంత విరుగుతుంది. ప్రమాణం ఈ తేడాను గుణకాల రూపంలో ఇస్తుంది. పది మీటర్ల ఎత్తులోపు, తెరిచిన సముద్రతీరానికి 1.05, ఇళ్లు నిండిన పట్టణ ప్రాంతానికి 0.91. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న అద్దాన్ని తీసుకుందాం. మోటుగా లెక్కిస్తే ద్వారకానగర్ లోపలి వీధిలో దాని మీద పడే తోపు సుమారు 940 కిలోలు. అదే అద్దం బీచ్ రోడ్డు మీద 1,250 కిలోల దాకా మోయాలి. చిన్న కారును ఎత్తి అద్దానికి ఆనించినంత బరువు. భవనం ఆకారాన్ని బట్టి, మూలలను బట్టి ఇది ఇంకా మారుతుంది. అసలు లెక్క ఇంజనీర్ చేయాల్సిందే. నేను ఈ అంకెలు చెప్పింది వీధి మారితే ఎంత తేడా వస్తుందో కంటికి కనిపించాలని.

గాలి అద్దాన్ని లోపలికి తోయడమే కాదు, బయటికి లాగుతుంది కూడా. భవనం పక్కగా దూసుకుపోయే గాలి ఆ గోడను పీలుస్తుంది. అందుకే ఫ్రేమును పట్టుకునే యాంకర్ బోల్టులు తోపుకూ లాగుడుకూ రెండింటికీ నిలవాలి. ముందున్న అద్దం ఒక్కసారి పగిలిందా, గాలి లోపలికి చొరబడి షాపును బుడగలా ఊదుతుంది. ఫాల్స్ సీలింగ్ పడేది, పైన రేకులుంటే లేచిపోయేది అప్పుడే. ముందు అద్దం బాగుంటే సగం షాపు బాగున్నట్టే.

ఇక్కడే నాకు గట్టి అభిప్రాయం ఉంది. కొత్తగా తెరిచే షాపుల్లో చాలామంది షట్టర్ తీసేస్తున్నారు. రాత్రి కూడా లోపలి లైట్లు, బొమ్మలు రోడ్డు మీదికి కనిపించాలని అద్దం ఒక్కటే ఉంచుతున్నారు. లోపలి వీధుల్లో అది వాళ్ల ఇష్టం. తీరానికి దగ్గరగా ఉన్నవాళ్లు మాత్రం అద్దం బయట రోలింగ్ షట్టర్ వదులుకోవద్దు. తుపాను రోజు అద్దాన్ని పగలగొట్టేది ఎక్కువగా గాలి మోసుకొచ్చే రేకు ముక్క, కొబ్బరి మట్ట, పక్క షాపు బోర్డు. ఆ దెబ్బ షట్టర్ మీద పడాలి. షట్టర్ కూడా మామూలుది సరిపోదు. పెనుగాలికి పట్టీలు మధ్యలో వంగి, చివర్లు పక్క గాడుల్లోంచి, అంటే గైడుల్లోంచి ఊడి వచ్చేస్తాయి. పట్టీల చివర్లను గైడులో పట్టి ఉంచే విండ్‌లాక్ క్లిప్పులు ఉంటాయి. షట్టర్ చేయించేటప్పుడే అడిగి పెట్టించుకోవాలి. గైడులు కూడా లోతుగా ఉండాలి.

అద్దం: కొలత తప్పితే దిద్దుబాటు లేదు

ఫ్రేము లేని అద్దం తలుపులకు మామూలుగా 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాస్ వాడతారు. మామూలు అద్దాన్ని 600 డిగ్రీలకు పైగా వేడి చేసి, ఒక్కసారిగా గాలితో చల్లారిస్తే అది టఫెన్డ్ అవుతుంది. పై పొర ముందే గట్టిపడి, లోపలి పొర తర్వాత చల్లారుతూ దాన్ని బిగించి పట్టుకుంటుంది. బలం అక్కడే ఉంది, లోపం కూడా అక్కడే. ఒకసారి టఫెన్ చేశాక దాన్ని కోయలేం, రంధ్రం పెట్టలేం, అంచు అరగదీయలేం. ప్రయత్నిస్తే మొత్తం చిన్న చిన్న పలుకులై రాలిపోతుంది. పలుకులు మొద్దుగా ఉంటాయి కాబట్టి మనిషికి పెద్ద గాయం కాదు. షాపు ముందు మాత్రం ఒక్క క్షణంలో ఖాళీ అయిపోతుంది.

లాసన్స్ బే షాపుకు కొత్త అద్దం వేయించినప్పుడు నేను చేసిన పొరపాటు ఇదే. నేల టైల్స్ వేయకముందే కొలతలు ఇప్పించేశాను. టైల్స్, కింద సిమెంటు కలిపి నేల దాదాపు అంగుళంన్నర లేచింది. అద్దం వచ్చాక చూస్తే పొడుగు ఎక్కువ. కోయడానికి లేదు. ఆ అద్దం నేటికీ మా అప్ప ఇంటి మేడ మీద గోడకు ఆనించి ఉంది. నేల పూర్తయ్యాక, పై బీముకు ప్లాస్టరింగ్ అయ్యాక కొలవాలి. ఎత్తును ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా తీసుకోవాలి. ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలూ సరిపోలాయో లేదో చూడాలి. సరిపోకపోతే తెరుపు ఓరగా ఉందని అర్థం.

తుపాను కోణంలో చూస్తే లామినేటెడ్ గ్లాస్ ఇంకా మేలు. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని నిలబడతాయి, గాలి లోపలికి రాదు. ఖర్చు, బరువు రెండూ పెరుగుతాయి. తీరం వీధిలో ఎదుటి పెద్ద అద్దాలకు ఇది వేయించుకుని, మిగతా చోట్ల టఫెన్డ్‌తో సరిపెట్టుకోవచ్చు.

బరువు సంగతీ మరిచిపోవద్దు. అద్దం చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న 12 మిల్లీమీటర్ల తలుపు 58 కిలోలు. ఇంత బరువును రోజుకు వందసార్లు తిప్పేది కింద నేలలో పాతిన ఫ్లోర్ స్ప్రింగ్. దాని పెట్టెలోకి ఉప్పునీరు దిగితే ఆయుష్షు తీరినట్టే. ఈసారి పెట్టె చుట్టూ సీలు చేయించి, గడప ముందు నేలను బయటికి వాలుగా దింపించాం.

ఏసీ షాపులకు మన ఊళ్లో ఇంకో ఇబ్బంది ఉంది. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ. లోపల 20 డిగ్రీలకు చల్లబరిస్తే అద్దం బయటివైపు చెమటలు పడుతుంది, షోకేసు కనిపించదు. ఆ నీరు కారి ఫ్రేము అడుగున నిలిచి మళ్లీ తుప్పుకు దారి తీస్తుంది. ఏసీ గాలి నేరుగా అద్దానికి తగలకుండా తిప్పి, ఫ్రేము అడుగున నీరు పోయే రంధ్రాలు ఉంచితే చాలా వరకు తీరుతుంది.

వన్ టౌన్ గోడలు

విశాఖ పాత ఊరైన వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్, పాత పోస్టాఫీసు చుట్టుపక్కల వీధుల్లో సమస్య వేరు. అక్కడి పాత ఇళ్ల గోడలు సున్నంతో కట్టిన ఇటుక గోడలు. మందం ఎక్కువ, కానీ మెత్తన. కాంక్రీటుకు వాడే యాంకర్ బోల్టు లోపలికి వెళ్లి వ్యాకోచించి పట్టుకుంటుంది. సున్నం గోడలో అది ఇటుకనే పగలదీస్తుంది. బిగించిన రోజు గట్టిగా ఉన్నట్టే ఉంటుంది. తలుపు పదిసార్లు తిరిగేసరికి వదులవుతుంది. ఇలాంటి చోట రెండు దారులున్నాయి. రంధ్రంలో రసాయన జిగురు నింపి బోల్టు దించడం ఒకటి. గోడ మీద భారమే వేయకుండా, నేల మీద స్వయంగా నిలబడే స్టీలు చట్రం కట్టి అద్దం, బోర్డు దానికే తగిలించడం రెండోది. నాకు రెండోదే నచ్చుతుంది. పాత గోడ పాత గోడలా ఉంటుంది, రేపు షాపు ఖాళీ చేసినా ఆ ఇంటికి గాయం ఉండదు.

ఈ వీధుల్లో పోర్టు దుమ్ము కూడా తోడవుతుంది. ఇన్నర్ హార్బర్ 1933లో తెరుచుకున్నప్పటి నుంచి ఓడరేవు పక్కనే బతుకుతున్న ప్రాంతమిది. బొగ్గు, ఖనిజాల దుమ్ము తేమతో కలిసి నల్లటి పొరలా అంటుకుంటుంది. ఉప్పును కూడా పట్టి ఉంచుతుంది. తెల్లటి ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీటు వేయించుకున్నవాళ్లు రోజూ కడుక్కోవాల్సిందే. సందులు ఇరుకు కాబట్టి పెద్ద అద్దం లోపలికి తేవడమే ఒక యజ్ఞం. చిన్న చిన్న పలకలుగా విడగొట్టి డిజైను చేస్తే తేవడం తేలిక, ఒకటి పగిలితే ఒక్కటే మార్చుకోవచ్చు. పాత కొట్లకు వరుస నంబర్లు వేసిన చెక్క పలకలు ఉండేవి. పొద్దున ఒక్కొక్కటి తీసి పక్కన పేర్చేవాళ్లు, రాత్రి మళ్లీ గాడిలో దించేవాళ్లు. ఆ కాలపు వడ్రంగికి ఈ ఊరి గాలి తెలుసు. చిన్న పలక, గట్టి గాడి, అద్దమన్నదే లేదు. ఆ పలకలు ఎక్కడైనా మిగిలి ఉంటే దయచేసి పారేయకండి.

జగదాంబ నుంచి ద్వారకానగర్ దాకా: బోర్డు, తీగలు, మెట్టు

ఊరి నడిబొడ్డున పోటీ అంతా బోర్డుతోనే. జగదాంబ సెంటరు, డాబాగార్డెన్స్, ద్వారకానగర్‌లలో పక్క షాపు కంటే అడుగు ఎత్తు, అడుగు ముందుకు అన్నదే లెక్క. ముందుకు జరిగిన ప్రతి అడుగూ గాలికి తెరచాపలా పనిచేస్తుంది. పైగా అది కరెంటు తీగలవైపు జరుగుతుంది. ఇంటింటికీ వెళ్లే మామూలు తీగకైనా, 11 కేవీ (11 వేల వోల్టుల) లైనుకైనా భవనం నుంచి పక్కగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలని విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతాయి. బోర్డు చట్రం కూడా భవనంలో భాగమే. హుద్‌హుద్ తర్వాత ప్రపంచబ్యాంకు రుణంతో విశాఖలో చాలా లైన్లను భూమిలోకి దించారు. ఆ వీధుల్లో ఈ బెంగ తగ్గింది. కానీ అక్కడ గుంజ పాతాలని ఫుట్‌పాత్ తవ్వేముందు కింద కేబుల్ ఉందేమో విద్యుత్ సంస్థను అడిగి తెలుసుకోవాలి.

ఏసీపీ షీట్లలో రెండు పలచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. చవక రకంలో అది తేలిగ్గా అంటుకునే పాలిథిలీన్. షీటు వెనకే బోర్డు వైర్లు, లైట్లకు తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే డ్రైవర్లు ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు. మంటలు నిదానించే రకం విడిగా దొరుకుతుంది. గోడకు గోడ కలిసిన ఈ వీధుల్లో అదే వేయించాలి. లైట్ల డ్రైవర్లను బయట షీటు వెనక కాకుండా షాపు లోపల చేతికందే చోట పెట్టిస్తే ఉప్పు నుంచి, వాన నుంచి కూడా తప్పించుకుంటాయి. మా బోర్డులో ఆరిపోయిన అక్షరాలకు కారణం ఆ డ్రైవర్లే.

బోర్డు మీద పేరు తెలుగులో ఉండాలి. వేరే భాష రాసుకోవచ్చు, కానీ తెలుగు కింద. 1988 నాటి దుకాణాల చట్టం కింద వచ్చిన నిబంధనల్లోనే ఉంది. డిజైనర్ చివర్లో ఒక మూల చిన్నగా తెలుగు ఇరికించడం చూస్తుంటే బాధగా ఉంటుంది. మొదటి గీతలోనే తెలుగక్షరాలకు చోటు పెట్టాలి. మన అక్షరాలకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఇంగ్లీషు కొలతతో కట్ చేస్తే ఒత్తులు అతుక్కుపోయి చదవలేం.

సిరిపురం, వాల్తేరు అప్‌ల్యాండ్స్, పాండురంగాపురం వైపు రోడ్లు ఏటవాలు. షాపు వెడల్పులో ఒక చివర నేల రోడ్డుతో సమానంగా ఉంటే, ఇంకో చివర అడుగు పైకి ఉంటుంది. తలుపును నేల ఎత్తుగా ఉన్న చివర పెడితే బయటికి తెరుచుకునేటప్పుడు రోడ్డు వాలుకు తగిలే ఇబ్బంది ఉండదు. కానీ అక్కడ మెట్టు వస్తుంది కాబట్టి వీల్‌చెయిర్ రాదు. ర్యాంపుకు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. ఆరంగుళాల మెట్టుకే ఆరడుగులు. ఆ ఆరడుగులు షాపు లోపలి నుంచే తీసుకోవాలి తప్ప ఫుట్‌పాత్ నుంచి కాదు. అందుకే ఎలివేషన్ గీసే ముందే నేల మట్టం తీయించాలి.

అద్దె షాపు, వెడల్పయ్యే రోడ్డు

మధురవాడలో చాలా షాపులు అపార్టుమెంట్ల కింది అంతస్తుల్లో ఉన్నాయి. ప్లానులో అది షాపుగా ఆమోదం పొందిందా, పార్కింగా అన్నది ఎలివేషన్‌కు అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోవాలి. పార్కింగును మార్చిన షాపుకు ఎంత అందమైన ముందుభాగం కట్టినా నోటీసుకు ఎదురు చూస్తూ కూర్చోవాల్సిందే. బీచ్ రోడ్డు మీదైతే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా చూడాలి. గాజువాక, ఎన్ఏడీ, గోపాలపట్నం లాంటి చోట్ల రోడ్డు విస్తరణ గీత ఎక్కడి దాకా వచ్చిందో వార్డు సచివాలయంలోని ప్లానింగ్ సెక్రటరీని అడిగితే చెబుతారు. విస్తరణలో స్థలం పోతే టీడీఆర్ బాండు (పోయిన స్థలానికి బదులుగా ఇచ్చే నిర్మాణ హక్కు పత్రం) వచ్చేది స్థలం యజమానికి. ముందుభాగం మీద లక్షలు పోసిన అద్దెదారుకు కాదు.

ఆ అద్దెదారు చేతిలో ఉండేది తరచూ పదకొండు నెలల అగ్రిమెంటే. అందుకే ఇప్పుడు నేను ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను: వెల్డింగ్ చేయించకండి, బోల్టులతో బిగించమనండి. చట్రం, అద్దాలు, బోర్డు విడివిడిగా ఊడదీసి లారీలో ఎక్కించుకుని ఇంకో షాపుకు తీసుకెళ్లేలా ఉండాలి. గోడలో ఏది మిగిలిపోతుంది, ఏది మనం తీసుకుపోతాం అన్నది అగ్రిమెంటులో రాసుకోవాలి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు తుపాను నష్టంతో పాటు ముందు అద్దాలకు విడిగా కవర్ ఉందో లేదో కూడా అడగాలి.

గాజువాక గురించి ఎక్కువ చెప్పలేదు. అక్కడ ఉప్పు తక్కువ, హైవే దుమ్ము ఎక్కువ. షట్టర్ గైడుల్లో ఇసుక చేరి పట్టీలను అరగదీస్తుంది. నెలకోసారి బ్రష్‌తో దులిపి, జిడ్డు పట్టని డ్రై లూబ్రికెంట్ కొడితే సరిపోతోంది. మా అప్ప అక్కడి 202 హ్యాండిళ్లు మార్చలేదు, మార్చాల్సిన అవసరమూ రాలేదు.

లాసన్స్ బేలో మాత్రం హ్యాండిళ్లు, బ్రాకెట్లు, స్క్రూలు అన్నీ 316కు మార్చాం. అద్దం ముందు షట్టర్ మళ్లీ వచ్చింది. ఏటా సెప్టెంబరు ఆఖరి వారంలో, తుపాన్ల కాలం మొదలయ్యేముందు, మా అప్ప షట్టర్‌ను పూర్తిగా దించి, లోపలి నుంచి టార్చి వేసి విండ్‌లాక్ క్లిప్పులు ఒక్కొక్కటీ లెక్కపెడుతుంది. మొత్తం ముప్ఫై ఆరు. పోయినసారి రెండు వదులైతే అదే రోజు మేస్త్రీని పిలిపించింది. ఆయన ఈసారి వస్తూ వస్తూ 316 స్క్రూల ప్యాకెట్ తనే తెచ్చాడు.